వాన బొమ్మా, చేప బొమ్మా?

1855లో ఎడో నగరాన్ని, అంటే ఇప్పటి టోక్యోని, పెద్ద భూకంపం కుదిపేసింది. ఆ రోజుల్లో చెక్క మీద చెక్కి కాగితం మీద అచ్చేసిన బొమ్మల్లో దేన్ని నమ్మాలి, ఉన్న జీవితాన్ని గీసినవాటినా, కట్టుకథల్ని గీసినవాటినా? ఓ అక్కాతమ్ముళ్ల వాదన ఇది.

తమ్ముడు: నాకైతే హిరోషిగే అనే చిత్రకారుడు 1857లో వేసిన వాన బొమ్మ చాలక్కా. ఓహాషి వంతెన మీద ఉన్నట్టుండి వాన దంచేస్తోంది, జనం గొడుగుల కింద తలలు దూర్చి పరిగెడుతున్నారు, వెనకాల నదిలో ఒకడు తెప్ప నడుపుకుంటూ పోతున్నాడు. ఆ వాన గీతలు చూడు, వెంట్రుకంత సన్నవి, చెక్క మీద ఒక్కో గీతే మిగిలేలా చుట్టూ తవ్వి తీసినవాడి చెయ్యి ఎంత నిలకడగా ఉండాలి! అప్పటి మనుషులు ఎలా బతికారో చెప్పేవి ఇవి. దయ్యాల బొమ్మలు కాదు.

అక్క: అద్భుతమే, ఎవరు కాదన్నారు. కానీ ఇది భూకంపం అయిన రెండేళ్లకి వేసిన బొమ్మరా, ఇందులో దాని జాడ ఏది? వేలమంది పోయారు, పేటలకి పేటలు తగలబడ్డాయి. ఆ సంగతి చెప్పింది నువ్వు కొట్టిపారేస్తున్న కట్టుకథే. భూమి కింద నమాజు అని ఒక పెద్ద జెల్ల చేప ఉంటుందట, కషిమా దేవుడు దాన్ని బండరాయితో అదిమి పెడతాడు, ఆయన ఏమరితే అది కదులుతుంది, భూమి అదురుతుంది. మన పెద్దవాళ్లు ఆదిశేషుడు పడగ మార్చుకున్నాడంటారే, అలా. కొద్ది రోజుల్లోనే ఊరంతా ఆ చేప బొమ్మలే.

తమ్ముడు: అమ్ముకోడానికి హడావిడిగా వేసినవి కదా, గీసినవాడి పేరు కూడా ఉండదు.

అక్క: పేరు పెడితే పట్టుకుపోతారు మరి! అప్పట్లో అచ్చుకి తనిఖీ ముద్ర ఉండాలి, వీటికి లేదు, రెండు నెలలు తిరిగేసరికి ప్రభుత్వం ఆపించేసింది కూడా. ఒక బొమ్మలో ఆడవాళ్లంతా మీదపడి చేపని చితకబాదుతుంటే, ఓ మూల నుంచి వడ్రంగులూ కూలిపనివాళ్లూ ఆపండి ఆపండి అన్నట్టు పరిగెత్తుకొస్తుంటారు. ఊరు కూలితే మళ్లీ కట్టేది వాళ్లేగా! ఎవరి ఇల్లు పోయింది, ఎవరికి పని దొరికింది, మొత్తం ఆ ఒక్క కాగితంలో ఉంది.

తమ్ముడు: సరే, చేప విషయం ఒప్పుకున్నా. కానీ అన్నీ అలాంటివి కావు. సెకియెన్ అనే చిత్రకారుడు 1776 నుంచి దయ్యాల పుస్తకాలు వేశాడు, తర్వాతి సంపుటాల్లో చాలా దయ్యాల్ని మాటలతో ఆడుకుంటూ తనే పుట్టించాడు. అది ఒక చదువుకున్నవాడి సరదా, జనం నమ్మకం అని అంటగడితే ఎలా?

అక్క: అది నిజమే, అక్కడ నేను వాదించను.

తమ్ముడు: హొకుసాయ్ మాంగా చూడు, హొకుసాయ్ అనే చిత్రకారుడి బొమ్మల పుస్తకం, 1814లో మొదలై 15 సంపుటాలు. పనిచేసుకునేవాళ్లు, ఆటలాడేవాళ్లు, చేపలు, పురుగులు, అన్నీ కళ్లతో చూసి గీసినవే.

అక్క: అన్నీ అంటావేంట్రా! 12వ సంపుటి తియ్యి. మెడ పాములా సాగిన ఆడమనిషి కనిపిస్తుంది.