బ్యాట్‌మాన్‌కి బట్టలు రెండు, మనసు ఒకటే

పోయిన వారం షాపు తెరిచి ఇంకా అగరబత్తి కూడా వెలిగించలేదు, నెలనెలా వచ్చే ఒక పెద్దమ్మ వచ్చి కౌంటరు మీద ఫోను పెట్టింది. మాది నెల్లూరులో చిన్న మందుల షాపు. ఆమె కొడుక్కి స్కిజోఫ్రీనియా. ఐదారేళ్ళుగా మాత్రలు మా దగ్గరే కొంటున్నారు.

"ఇది చదివి చెప్పు నాయనా. మా పిలగాడి లోపల ఇంకోడు ఉండాడంటనే? మాత్రలేస్తే లోపలున్నోడు ఇంకా రెచ్చిపోతాడంట. నాలుగు రోజులైంది ఆపేసి" అంది.

వాట్సాప్ ఫార్వర్డు. అంతకుముందే నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది, చదవకుండా తోసేశాను. పైన బ్యాట్‌మాన్, జోకర్, హల్క్, సగం కాలిన ముఖంతో టూ-ఫేస్ బొమ్మలు. కింద చెప్పేదేమిటంటే: ఈ హీరోలకీ విలన్లకీ అందరికీ ఉన్నది స్ప్లిట్ పర్సనాలిటీ, మన 'అపరిచితుడు' సినిమాలో లాగా. డాక్టర్ల భాషలో దాని పేరే స్కిజోఫ్రీనియా. లోపల దాగిన రెండోవాడు ఎప్పుడో ఒకప్పుడు బయటికొచ్చి చంపుతాడు. చిన్నప్పటి దెబ్బల వల్ల వస్తుంది. మన ఊళ్ళలో పూనకం కూడా ఇదే. మందులకు లొంగదు. చివర్లో మామూలే, పదిమందికి పంపండి.

ఆమెకి ముందు చెప్పాల్సింది చెప్పాను. మాత్రలు ఆపిన సంగతి ఈ పొద్దే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పమన్నాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా. మందులు అమ్ముకునేవాడికి కామిక్స్ గురించి ఏం తెలుసంటారేమో. మా మేనమామ మద్రాసు పోయినప్పుడల్లా మూర్ మార్కెట్ నుంచి పాత ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు తెచ్చేవాడు. 1985లో ఆ మార్కెట్ కాలిపోయిందని తెలిసి అన్నం మానేసి ఏడ్చాను. ఇప్పటికీ అటక మీద రెండు ట్రంకు పెట్టెలున్నాయి. పాత పేపర్లవాడికి వేసేస్తానని మా ఆవిడ ప్రతి సంక్రాంతికీ బెదిరిస్తుంది.

"అందరికీ స్ప్లిట్ పర్సనాలిటీ" అన్న మొదటి ముక్కే తప్పు. సూపర్‌మాన్ 1938లో వచ్చాడు, బ్యాట్‌మాన్ 1939లో. ఒకడు కళ్ళద్దాలు పెట్టుకుని పేపరాఫీసుకి పోతాడు, ఇంకొకడు పగలు కోటీశ్వరుడు, రాత్రి ముసుగు. దీన్ని మారువేషం అంటారు. అర్జునుడు విరాటుడి కొలువులో ఏడాది పాటు బృహన్నలగా ఉన్నాడు కదా. గాండీవం ఎక్కడ దాచాడో మర్చిపోయాడా? అవసరం వచ్చిన రోజు ఉత్తరుణ్ణి తిన్నగా జమ్మిచెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. బ్యాట్‌మాన్ అసలు పేరు బ్రూస్ వేన్, అతనూ అంతే. ముసుగులో ఉన్నా తీసినా తానెవరో, నిన్న ఏం చేశాడో అంతా గుర్తే. బట్టలు మారాయి, మనిషి మారలేదు.

జోకర్ గురించి రెండు మాటలు చాలు. 1940 నుంచి ఎన్ని కథల్లో చూసినా అతను ఒక్కడే. లోపల మంచివాడంటూ ఇంకొకడు లేడు.

టూ-ఫేస్ విషయం కాస్త చిక్కు. బాబ్ కేన్, బిల్ ఫింగర్ కలిసి 1942లో పుట్టించారు. హార్వీ డెంట్ అనే ప్రాసిక్యూటర్ (మొదటి కథలో ఇంటిపేరు కెంట్, తర్వాత మార్చారు) ముఖం మీద కోర్టులోనే ఒక గూండా యాసిడ్ పోస్తాడు, సగం ముఖం కాలిపోతుంది. అప్పట్నుంచి ఒకవైపు గీతలు పడ్డ నాణెం ఎగరేసి, బాగున్న వైపు పడితే మంచి, గీతల వైపు పడితే చెడు చేస్తాడు. ఇందులో రెండో మనిషి ఎక్కడున్నాడు? నాణెం ఎగరేసేదీ వాడే, ఏ వైపు పడిందో చూసేదీ వాడే. నిర్ణయం తన నెత్తిన వేసుకోలేక నాణెం మీదికి తోసినవాడు. 1992 నాటి కార్టూన్ సీరియల్లో మాత్రం ముఖం కాలకముందే డెంట్‌కి లోపల ఇంకో వ్యక్తి ఉన్నట్టు మార్చి చూపించారు. అంటే ఒకే పాత్రకి ఒక కథలో జబ్బు లేదు, ఇంకో కథలో ఉంది. ఫార్వర్డు రాసినవాడికి ఇవన్నీ ఒకటే, ముఖం రెండు రంగులుంటే జబ్బే.

ఇలా కొట్టిపారేయడానికి లేని, నిజంగానే లోపల వేరే వ్యక్తిత్వాలున్న పాత్రలూ ఉన్నాయి. విచిత్రమేమిటంటే ఫార్వర్డులో వాళ్ళ పేర్లు లేవు. 1988లో వచ్చిన వెంట్రిలాక్విస్ట్ అనే విలన్ నోట్లో నాలుక లేని ముసలాయన. చేతిలో స్కార్‌ఫేస్ అనే చెక్కబొమ్మ, గ్యాంగుకి బాస్ అదే, ఆయన్ని తిట్టేదీ అదే. పెదాలు కదపకుండా మాట్లాడాలి కాబట్టి 'బ' పలకదు, బ్యాట్‌మాన్‌ని "గ్యాట్‌మాన్" అంటుంది. పెదాలు కలపకుండా బ్యాట్‌మాన్ అని చూడండి, ఎంత బాగా గమనించి రాశారో తెలుస్తుంది. ఎక్స్-మెన్ అనే హీరోల జట్టుకి గురువైన జేవియర్ కొడుకు డేవిడ్ హాలర్ 1985లో వచ్చాడు. ఒక్కో వ్యక్తిత్వానికీ ఒక్కో శక్తి. మారుపేరు లీజియన్. ఒంగోలు వైపు చర్చికి పోయేవాళ్ళకి ఆ పేరు ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. మార్కు సువార్త 5వ అధ్యాయంలో సమాధుల్లో తిరిగే మనిషి "నా పేరు సేన" అంటాడే, ఇంగ్లీషు బైబిల్లో ఆ సేనే లీజియన్.

నాకు అన్నిటికంటే నచ్చేది మూన్ నైట్. 1975లో వచ్చినప్పుడు కిరాయి సైనికుడు. తర్వాతి కథల్లో మార్క్ స్పెక్టర్ అనే ఆ మనిషే కోటీశ్వరుడు స్టీవెన్ గ్రాంట్‌గానూ, టాక్సీ డ్రైవరు జేక్ లాక్లీగానూ తిరుగుతాడు. పెద్దింటి కబుర్లకి ఒక వేషం, వీధి కబుర్లకి ఒక వేషం. అంటే అది కూడా బృహన్నల వ్యవహారమే! ఆ వేషాలే తర్వాత వచ్చిన రచయితల చేతుల్లో జబ్బుగా మారాయి. 2022 సీరియల్లో స్టీవెన్ మ్యూజియం షాపులో గుమాస్తా. రాత్రి తను ఎక్కడికైనా పోతున్నాడేమోనని మంచం చుట్టూ ఇసక పోసి, కాలు మంచానికి కట్టేసుకుని పడుకుంటాడు. ఒకరోజు భోజనానికి రమ్మన్నామె కోసం హోటల్లో కూర్చుంటే ఆమె రాదు. ఫోన్ చేస్తే, చెప్పిన రోజు దాటి రెండు రోజులైందని తెలుస్తుంది. అసలు జబ్బుకి దగ్గరగా ఉన్నది ఇది. కళ్ళు ఎర్రబడటం, గొంతు మారడం, కండలు ఉబ్బడం సినిమా వాళ్ళ అవసరం. మామూలుగా కనబడేది జ్ఞాపకాల మధ్యలో ఖాళీలు. నేను ఎప్పుడు కొన్నానో తెలియని చొక్కా ఇంట్లో ఉండటం, నాకు గుర్తులేని మాట నేనే అన్నానని పక్కవాళ్ళు చెప్పడం. చాలామంది దాన్ని పైకి కనబడనీయకుండా దాచుకుంటారు.

ఇక రెండో ముక్క, నన్ను రాయడానికి కూర్చోబెట్టింది ఇదే: "దాని పేరే స్కిజోఫ్రీనియా." తప్పు. కాకపోతే ఈ తప్పు వాట్సాప్‌లో పుట్టలేదు, పేరులోనే ఉంది. 1908లో స్విట్జర్లాండ్ డాక్టరు బ్లాయిలర్ ఈ పేరు పెట్టాడు. గ్రీకులో స్కిజో అంటే చీలడం, ఫ్రెన్ అంటే మనసు. ఆయన ఉద్దేశం మనసు ఇద్దరు మనుషులుగా చీలిందని కాదు. ఆలోచన, భావం, చేత ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉండాల్సినవి విడిపోతున్నాయని. తాడు పురి విడిపోతే పోగులు ఎటు పడితే అటు పోతాయి గానీ రెండు తాళ్ళవుతాయా? అలాంటిది. ఆ జబ్బులో ఎవరూ లేకపోయినా మాటలు వినబడతాయి, పక్కింటివాడు పగబట్టాడనిపిస్తుంది, మాట తెగిపోతుంది, మనిషి మూలకి చేరతాడు. వినేదీ భయపడేదీ ఒక్కడే. పెద్దమ్మ కొడుకు లోపల ఇంకెవడూ లేడు. వాడొక్కడే ఉన్నాడు, వాడే కష్టపడుతున్నాడు.

వేరే వ్యక్తిత్వాలు కనిపించే జబ్బు వేరు. 1980లో అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకంలో దాన్ని మల్టిపుల్ పర్సనాలిటీ అన్నారు, 1994లో డిసోసియేటివ్ ఐడెంటిటీ అని పేరు మార్చారు. ఒక మనిషిలో నలుగురు ఉన్నారని కాదు, ఒక మనిషి ఒక్కటిగా కూడుకోలేకపోయాడని చెప్పడానికి. 2005లో మనందరం చూసిన 'అపరిచితుడు'లో కూడా చెప్పింది మల్టిపుల్ పర్సనాలిటీ అనే, స్కిజోఫ్రీనియా అని కాదు. ఆ సినిమా పేరు వాడుకునేటప్పుడు ఆ మాత్రం గుర్తుంచుకుంటే బాగుండేది.

"చిన్నప్పటి దెబ్బల వల్ల" అన్నది పూర్తిగా అబద్ధం కాదు. డిసోసియేటివ్ జబ్బున్న చాలామంది చిన్నతనంలో ఘోరమైన హింస పడినట్టు చెబుతారు. దీని మీద డాక్టర్లలోనే వాదన ఉంది. 1973లో పదహారు వ్యక్తిత్వాల అమ్మాయి కథంటూ అమెరికాలో ఒక పుస్తకం వచ్చాక కేసులు బాగా పెరిగాయని, డాక్టరు అడిగే తీరు వల్ల కూడా రోగులు అలా చెప్పే వీలుందని కొందరంటారు. కామిక్స్ మాత్రం చిన్నప్పటి హింసే కారణమన్న వైపు నిలబడ్డాయి. హల్క్‌నే తీసుకోండి, గామా కిరణాలు తగిలి రాక్షసుడిలా మారే బ్యానర్ అనే శాస్త్రవేత్త. 1962లో స్టాన్ లీ, జాక్ కర్బీ తెచ్చిన మొదటి సంచికలో అతని రంగు బూడిద, కోపంతో కాదు, పొద్దు గుంకితే మారేవాడు. అచ్చులో బూడిద రంగు సరిగ్గా కుదరక రెండో సంచికకి పచ్చ చేశారు. 1985లో 312వ సంచికలో అసలు గాయం బయటపెట్టారు, బ్యానర్ తండ్రి కొడుకుని కొట్టేవాడు, తల్లిని చంపాడు. 1991లో 377వ సంచికలో రచయిత పీటర్ డేవిడ్ బ్యానర్‌నీ, పచ్చ హల్క్‌నీ, బూడిద హల్క్‌నీ ఒక డాక్టరు సాయంతో ఒక్క మనిషిగా కలిపాడు. నా దగ్గరున్న కాపీ అట్ట ఊడిపోయింది. ఎన్నిసార్లు చదివినా ఆ పసివాడు తండ్రి ఎదుట నిలబడే పేజీ దగ్గర ఆగిపోతాను. గామా కిరణాలు హల్క్‌కి ఒళ్ళు ఇచ్చాయి గానీ కోపం అంతకు ముందు నుంచీ ఉందని ఆ కథ అంటుంది. కానీ ఇది స్కిజోఫ్రీనియాకి అంటగట్టకూడదు. దానికి వంశం నుంచి వచ్చేదీ, మెదడులో జరిగేదీ, బతుకులో పడే ఒత్తిడీ అన్నీ కలుస్తాయి. "నేను కొట్టాననా నాయనా?" అని పెద్దమ్మ అడిగింది కూడా. లేదన్నాను.

"చంపుతాడు" అన్నదానికి పొడుగు జవాబు అక్కర్లేదు. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ఎవరి జోలికీ పోరు. దెబ్బలు తినేది, గదిలో పెట్టి తాళం వేయించుకునేది ఎక్కువగా వాళ్ళే. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచే చోట మంటలంటుకుంటే 28 మంది పారిపోలేక చనిపోయారు, కాళ్ళకి గొలుసులున్నాయి కాబట్టి.

పూనకం సంగతి. పోలేరమ్మ కొలుపులో పంబలు మోగితే, వేపమండలు పట్టుకున్నామె మీదికి అమ్మవారు వస్తుంది. ఊరంతా ఎదురుచూస్తుంది, అడిగేది అడుగుతుంది, పసుపునీళ్ళు పోస్తే దిగుతుంది. తెల్లారి ఆమె మామూలుగా పొలానికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కూడా ఆచారంలో భాగంగా, అందరూ ఒప్పుకున్న చోట వచ్చేదాన్ని జబ్బుగా లెక్కపెట్టదు. ఇష్టం లేకుండా, సమయం సందర్భం లేకుండా వచ్చి, బతుకుని పాడుచేస్తేనే డాక్టరు పని. పూనకం వచ్చే మా మేనత్త ఈ ఫార్వర్డు చూస్తే రాసినవాడికి వేపమండతో నాలుగు వడ్డించేది.

చివరిది మందులు. ఇక్కడ రాసినవాడు సగం నిజాన్ని తెచ్చి తప్పు జబ్బుకి అతికించాడు. డిసోసియేటివ్ జబ్బుకి ప్రత్యేకంగా ఒక మాత్రంటూ లేదు, ఏళ్ళ తరబడి డాక్టరుతో కూర్చుని మాట్లాడే చికిత్సే. అది విని "స్ప్లిట్ పర్సనాలిటీ మందులకు లొంగదు" అని రాశాడు. రెండూ ఒకటే అనుకున్నాడు గనక స్కిజోఫ్రీనియా మాత్రలు కూడా దండగ అయ్యాయి. 1952 నుంచి ఆ జబ్బుకి మందులున్నాయి. మా షాపులో రోజూ పోయే రిస్పెరిడోన్, ఒలాంజపిన్ వాటి తర్వాతి తరం. బరువు పెరగడం, మగతలాంటి ఇబ్బందులు ఉంటాయి, నిజమే. వాటికి డాక్టరు మోతాదు మారుస్తాడు, మందు మారుస్తాడు. మనంతట మనం ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ. షాపుకి రాలేని వాళ్ళు, డాక్టరు దొరకని వాళ్ళు 14416కి ఫోన్ చేయొచ్చు. ప్రభుత్వ టెలి మానస్ నంబరు, 2022 నుంచి ఉంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

పెద్దమ్మ నిన్న మళ్ళీ వచ్చింది. డాక్టరు తిట్టాడంట, మాత్రలు మొదలుపెట్టారంట. స్ట్రిప్పు కవర్లో వేస్తుంటే, "ఆ పచ్చోడి పుస్తకం నీ దగ్గర ఉందని చెప్తే మావోడు ఒకసారి చూస్తానన్నాడు నాయనా" అంది. అట్ట ఊడిన కాపీ ఇవ్వబుద్ధి కాలేదు. సాయంత్రం అటకెక్కి రెండో పెట్టె దించాలి.