పుల్లతో తోస్తే తిరిగింది కాబట్టి కెపాసిటరే పోయిందా?

ఎండలు ముదిరితే చాలు, ఒక సందేశం ఫోన్ నుంచి ఫోన్‌కు తిరుగుతూ ఉంటుంది. అందులో ఉండేది ఇది: “ఏసీ బయటి యూనిట్ ఫ్యాన్ తిరగకపోతే మెకానిక్ అక్కర్లేదు. ఏసీ నడుస్తుండగానే జాలీలోంచి పుల్ల దూర్చి రెక్కను తోయండి. తిరిగితే కెపాసిటర్ పోయినట్టే. రిమోట్‌తో ఆఫ్ చేసి, కాస్త పెద్ద కెపాసిటర్ వేసుకోండి, ఫ్యాన్ ఇంకా జోరుగా తిరుగుతుంది. అప్పటికీ తిరగలేదంటే గ్యాస్ అయిపోయింది. ఈలోగా లోపలి ఫ్యాన్ బాగానే ఉంది కాబట్టి ఏసీ వాడుకోవచ్చు.”

కెపాసిటర్ అంటే ఫ్యాన్ మోటారు కదలడానికి సాయపడే చిన్న డబ్బా లాంటి భాగం. ఇందులో పుల్ల సంగతి సగం నిజం. ఆ సగాన్ని చూసే జనం మిగతాదంతా నమ్ముతున్నారు. నమ్మి కవరు విప్పుతున్నారు. నాకు భయం అక్కడే.

అసలు ఆ సందేశం మొదట అడగాల్సిన ప్రశ్నే అడగలేదు: ఆ సమయంలో ఫ్యాన్ తిరగాలా? గది చల్లబడి, మీరు పెట్టిన ఉష్ణోగ్రత వచ్చేస్తే మామూలు (ఇన్వర్టర్ కాని) ఏసీలో కంప్రెసర్, బయటి ఫ్యాన్ రెండూ ఆగుతాయి. ఆపి వెంటనే మళ్లీ వేస్తే, కంప్రెసర్‌ను కాపాడటానికి చాలా మోడళ్లు 3 నిమిషాల వరకు దాన్ని మొదలుపెట్టవు. వేడిగాలి కూడా ఇచ్చే ఏసీ అయితే, బయటి కాయిల్ మీద పట్టిన మంచును కరిగించేటప్పుడు ఫ్యాన్‌ను కావాలనే ఆపుతుంది. కాబట్టి ఉష్ణోగ్రత బాగా తగ్గించి పెట్టి, ఐదు నిమిషాలు ఆగి, బయటి యూనిట్ దగ్గర చెవి పెట్టి వినండి. కంప్రెసర్ మోత వినిపిస్తూ ఫ్యాన్ కదలకపోతేనే ఫ్యాన్ వైపు తేడా ఉన్నట్టు. రెండూ కదలకపోతే ముందు చూడాల్సింది కరెంటు అందుతోందా, కాంటాక్టర్ (కరెంటును కలిపే స్విచ్) లేదా బోర్డు పనిచేస్తున్నాయా అన్నది.

ఇక పుల్ల. మామూలు ఏసీలో బయటి ఫ్యాన్ మోటారు సింగిల్ ఫేజ్ కరెంటుతో నడుస్తుంది. మోటారులోని తీగ చుట్టల్లో (వైండింగ్‌లలో) ఒక్కదానికే కరెంటు ఇస్తే అందులో పుట్టే అయస్కాంత బలం అటూ ఇటూ ఊగుతుందే తప్ప చుట్టూ తిరగదు. రెండో వైండింగ్‌కు కెపాసిటర్ గుండా కరెంటు వెళ్లి, మొదటిదానికంటే కాస్త ముందు నడిస్తేనే మోటారు తనంతట తాను కదులుతుంది. కెపాసిటర్ పోతే మోటారు గూంమని మూలుగుతూ నిలబడిపోతుంది. తోస్తే తిరుగుతుంది, నిజమే. కానీ ఎటు తోస్తే అటు తిరుగుతుంది! తెలియక ఎదురు దిశలో తోస్తే గాలి పోవాల్సిన వైపు పోదు, చూసేవాళ్లకు మాత్రం ఫ్యాన్ తిరుగుతున్నట్టే ఉంటుంది.

పైగా కెపాసిటర్ బాగానే ఉన్నా ఇదే లక్షణం కనిపించవచ్చు. రెండో వైండింగ్ తెగినా, దానికి వెళ్లే వైరు వదులైనా అంతే. బేరింగ్ బిగుసుకున్నప్పుడు కూడా కొన్నిసార్లు తోస్తే కదులుతుంది. మా ఇంట్లో జరిగింది ఇదే. తోస్తే తిరిగింది, కెపాసిటర్ మార్చాం, వారం నడిచి మళ్లీ ఆగింది. కరెంటు పూర్తిగా ఆపి రెక్కను తిప్పి చూస్తే గరగరమంటూ రెండు చుట్లకే నిలిచిపోయింది. చివరికి మోటారే మార్చాల్సి వచ్చింది. ఆ తిప్పి చూడటమేదో మొదటి రోజే చేసి ఉండాల్సింది.

ఇన్వర్టర్ ఏసీల్లో చాలావాటికి ఈ పరీక్ష అసలు వర్తించదు. వాటి బయటి ఫ్యాన్‌ది డీసీ మోటారు, దాన్ని బోర్డు నడుపుతుంది. మార్చడానికి ఫ్యాన్ కెపాసిటర్ అంటూ విడిగా ఉండదు. లోపల అయస్కాంతాలు ఉంటాయి కాబట్టి, కరెంటు ఆపి చేత్తో తిప్పినప్పుడు కాస్త ఆగి ఆగి తిరిగినట్టు అనిపించినా అది బేరింగ్ లోపం కాదు.

నడుస్తున్న యూనిట్‌లో పుల్ల పెట్టడం మాత్రం ఏ రకం ఏసీలోనూ వద్దు. ఫ్యాన్ ఒక్కసారిగా అందుకుంటే పుల్ల ముక్కలై ముఖం మీదికి ఎగురుతుంది. ఎంసీబీ (ఏసీకి వచ్చే కరెంటును ఆపే స్విచ్) ఆపేసి తిప్పి చూసినా రెక్క తేలిగ్గా తిరుగుతోందో లేదో తెలిసిపోతుంది.

“రిమోట్‌తో ఆఫ్ చేసి” అన్న మాట ఈ సందేశంలో అన్నిటికంటే ప్రమాదకరం. రిమోట్ బోర్డుకు ఆగమని చెబుతుంది, అంతే. కరెంటు వైర్లలో అలాగే ఉండవచ్చు. ఎంసీబీ ఆపాక కూడా కెపాసిటర్‌లో చార్జ్ మిగిలి ఉంటుంది. ఇన్వర్టర్ బోర్డు మీది పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా డీసీ నిలవ ఉంటుంది, అది ప్రాణాలు తీయగలదు. స్క్రూడ్రైవర్‌తో రెండు టెర్మినళ్లనూ కలిపేయమని కొందరు చెబుతారు. దానివల్ల పెద్ద నిప్పురవ్వ లేచి చెయ్యి కాలవచ్చు, బోర్డు కూడా పాడవచ్చు. తెలిసినవాళ్లు తగిన రెసిస్టర్ పెట్టి చార్జ్ తీసేసి, మీటర్‌తో వోల్టేజ్ చూసుకున్నాకే చెయ్యి పెడతారు. మీటర్ లేకపోతే, ఉన్నా వాడటం రాకపోతే, దయచేసి కవరు విప్పకండి.

పెద్ద కెపాసిటర్ వేస్తే జోరు పెరుగుతుందన్నది శుద్ధ తప్పు. దాని మీద రెండు లెక్కలు ఉంటాయి. మైక్రోఫారడ్లు (ఎంత చార్జ్ పట్టగలదో చెప్పే అంకె) మోటారుకు తగినట్టు అంతే ఉండాలి. ఎక్కువైతే రెండో వైండింగ్‌లోకి కరెంటు ఎక్కువై మోటారు వేడెక్కుతుంది. వోల్టేజ్ మాత్రం సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండవచ్చు, 370 బదులు 440 వేస్తే నష్టం లేదు. బహుశా ఈ రెండిటినీ కలిపేసే ఈ అపోహ పుట్టి ఉంటుంది. కొన్ని యూనిట్లలో కంప్రెసర్‌కూ ఫ్యాన్‌కూ కలిపి ఒకే డబ్బా ఉంటుంది, దాని మీద 35+5 లాంటి అంకెలు కనిపిస్తాయి. అందులో చిన్న అంకె ఫ్యాన్‌ది.

గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది, లోపలి కాయిల్ మీద మంచు కట్టవచ్చు. ఫ్యాన్ మోటారుకు గ్యాస్‌తో పనిలేదు. కొన్ని యూనిట్లలో ప్రెషర్ స్విచ్ ఉంటుంది, గ్యాస్ బాగా తగ్గితే అది కంప్రెసర్‌నూ ఆపేస్తుంది. కంప్రెసర్ మోగుతూ ఫ్యాన్ ఒక్కటే ఆగితే గ్యాస్ మీద అనుమానం అక్కర్లేదు.

ఈలోగా వాడుకోవచ్చా? వద్దు. గదిలోని వేడిని బయటికి పారబోసేది ఆ ఫ్యానే. అది ఆగితే వేడి కాయిల్‌లోనే ఉండిపోయి, లోపల ఒత్తిడి పెరిగి, కంప్రెసర్ కాగిపోతుంది. రక్షణ స్విచ్ దాన్ని ఆపుతుంది, చల్లారాక మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. ఇలా రోజుల తరబడి సాగితే చిన్న భాగంతో పోయేది కంప్రెసర్ దాకా వస్తుంది. ఫ్యాన్ కదలట్లేదని తెలిసిన క్షణమే ఏసీ ఆపి, ఎంసీబీ దించేయండి.

మెకానిక్‌కు ఫోన్ చేసినప్పుడు కంప్రెసర్ మోగిందా, ఫ్యాన్ మూలిగిందా, కరెంటు ఆపి తిప్పితే తేలిగ్గా తిరిగిందా, ఇది మామూలు ఏసీయా ఇన్వర్టరా అన్నవి చెప్పండి. కెపాసిటర్ పోయిందని ఆయన అంటే, మీ ముందే మీటర్‌తో కొలిచి, వచ్చిన అంకెను డబ్బా మీది అంకెతో పోల్చి చూపించమనండి.