మహారాజశ్రీ ఈసీఆర్ ముద్ర గారికి

అయ్యా,

ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్, అంటే ఈ మనిషి కొన్ని దేశాలకు పనికి పోవాలంటే సర్కారు క్లియరెన్సు కావాలి అని చెబుతూ పాస్‌పోర్టు చివరి పేజీలో కూర్చున్న తమరు క్షేమమని తలుస్తాం. నిన్న మధ్యాహ్నమంతా కౌంటరు ముందు నిలబెట్టి, తమరిని తొలగించడం కుదరదని చెప్పి పంపేశారు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరమట, ఆధార్‌లో పూర్తిగా ఉందట. పది పాసైన మనిషి ఆ ఒక్క అక్షరం పుణ్యాన మళ్లీ తమరి సంరక్షణలో పడ్డాడు. ధన్యులం.

1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం తమరి పని 18 దేశాలకు పనికోసం పోయే పదో తరగతి లేని కూలీని మోసం నుంచి కాపాడటం. ఆదాయపు పన్ను కట్టేవాడికి తమరి రక్షణ అక్కర్లేదు. యాభై దాటినవాడికీ అక్కర్లేదు. పాస్‌పోర్టు గుంజుకునే ముందు కఫీల్, అంటే వీసా ఇచ్చిన అక్కడి యజమాని, మన ఐటీ రిటర్నూ పుట్టిన తేదీ చూసి జాలిపడతాడని తమరి నమ్మకం కాబోలు.

2018 జనవరిలో తమరి వాళ్లందరికీ నారింజ రంగు పాస్‌పోర్టు ఇద్దామన్నారు. క్యూలో నిలబడ్డవాడు కూలీయో దొరో ఆమడ దూరం నుంచే తెలియాలి కదా! గోల పుట్టేసరికి అదే నెలాఖరుకు వెనక్కి తగ్గారు. తమరికి రంగు తప్పింది, అంతే.

అసలు విషయానికి వస్తాం. తమరి క్లియరెన్సు దారి కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. అరబ్బు యజమాని సర్కారు వారి సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదవుతాడు. ఇంతమంది కూలీలు కావాలనే డిమాండ్ లెటరు, ఒప్పందం ఎక్కిస్తాడు. లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, ఆపైన జీఎస్టీ మించి తీసుకోడు. ఊళ్లో సబ్ ఏజెంటుకు వడ్డీకి తెచ్చి ఇచ్చినదానికి రసీదు ఉండదు కాబట్టి, తమరి లెక్కలో అది జరగనే లేదు. దేశం దిగాక అరబ్బీలో ఇంకో ఒప్పందం పెడతారు. జీతం తక్కువ, పని వేరు. మేస్త్రీ పని అని పోయినవాడు ఎడారిలో ఒంటెల వెనక తేలతాడు. సంతకం పెట్టకపోతే అఖామా, అంటే అక్కడ ఉండేందుకు అనుమతి కార్డు, రాదు, అఖామా లేకపోతే పోలీసు. పారిపోతే ఖల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి. తమరి సైటులో మాత్రం మొదటి ఒప్పందమే చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఆ మొదటి ఒప్పందంలో జీతానికి ఇంతకు తగ్గకూడదని గీత గీసేది మన సర్కారే. 2020 సెప్టెంబరులో, కరోనాలో జనం చేతులూపుకుంటూ తిరిగొస్తున్న వేళ, గల్ఫ్ దేశాలకు ఆ గీతను 30 నుంచి 50 శాతం దాకా కిందికి జరిపింది. చవగ్గా ఇస్తే మనవాళ్లను మానుకోరని లెక్క. వ్యవహారం హైకోర్టు మెట్లెక్కాక, 2021 జులైలో పాత రేట్లు తిరిగొచ్చాయి. కూలీని కాపాడే ఆఫీసే కూలి రేటు తగ్గించి సంతలో నిలబెడితే, ఏజెంటును తిట్టడానికి మాకు నోరెలా వస్తుంది?

బీమా గురించి కూడా విన్నవిస్తాం. ప్రవాసీ భారతీయ బీమా యోజన, రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చస్తే 10 లక్షలు. ఎండలో రోజంతా ఇనుప చువ్వలు వంచి, రాత్రి క్యాంపులో పడుకున్నవాడు తెల్లారి లేవడు. సర్టిఫికెట్లో గుండె ఆగింది అని రాస్తారు. అంటే సహజ మరణం, ప్రమాదం కాదు, కనుక పది లక్షలు లేవు. గుండె ఎందుకు ఆగిందో, ఆ ముందు రోజు ఎన్ని గంటలు పనిచేయించారో అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు. బతికున్నప్పుడు పదో తరగతి మెమో అడిగిన మీరు, చచ్చాక మాత్రం ఏమీ అడగరు!

ఈ పీడ పడలేకే సగంమంది విజిట్ వీసా మీద పోతారు. చూడ్డానికి పోయేవాడికి నీ క్లియరెన్సు అక్కర్లేదుగా. ఎయిర్‌పోర్టులో అనుమానం వస్తే దానికీ ఓ రేటు ఉంది, పుషింగ్ అంటారు. అలా పోయినవాడికి బీమా ఉండదు, ఒప్పందం ఉండదు, నీ లెక్కలో పేరే ఉండదు. నిజం చెప్పాలంటే, ఆ ఒక్క విషయంలో నువ్వు నయం. నీ గుండా పోయినవాడి శవం కోసం ఫోన్ చేయడానికి కనీసం ఒక కంపెనీ పేరైనా దొరుకుతుంది.

అయినా నీ మీద కోపం ఆగదు. 2022లో ప్రపంచం నలుమూలల నుంచి మనవాళ్లు 11,100 కోట్ల డాలర్లకు పైగా ఇంటికి పంపారని ప్రపంచ బ్యాంకు లెక్క. అందులో ఒక్క డాలరును కూడా “టెన్త్ పాసయ్యావా” అని నువ్వు ఆపలేదు. చెరకు తోటలకు ఒప్పంద కూలీలను ఓడలెక్కించిన తెల్లదొరలు కూడా రేవులో ప్రొటెక్టర్ అని ఒకణ్ని కూర్చోబెట్టారు. ఇప్పుడూ క్లియరెన్సు ఇచ్చే ఆఫీసు తలుపు మీద ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే బోర్డే. అప్పుడూ ఇప్పుడూ తనిఖీ కూలీకే, తోట యజమానికి కాదు.

తనిఖీ అంత ముచ్చటైతే డిమాండ్ లెటరు మీద కూర్చో. ఆ కంపెనీ కిందటేడు ఎన్ని నెలల జీతాలు ఎగ్గొట్టిందో, ఎంతమంది పాస్‌పోర్టులు బీరువాలో పెట్టిందో రాయి. రెండో ఒప్పందం పెట్టినవాడి పేరు ఈ-మైగ్రేట్ నుంచి కొట్టేయించు. జీతం ఎగ్గొడితే ఏజెంటు కట్టిన బ్యాంకు గ్యారంటీలోంచి కూలీ ఖాతాకు జమ చేయించు. అది చేతకాకపోతే మా పేజీ ఖాళీ చెయ్యి.

ఇట్లు,
ఇంటిపేరు పూర్తిగా రాసుకున్నవాళ్లు