సైటు గారికి ఒక విన్నపం

సైటు గారూ,

మా ఇళ్ళలో మీకున్న మర్యాద ఇంకే జబ్బుకూ లేదు. షుగరు అంటే ముఖం చాటేస్తాం, బీపీ అంటే ‘ఏదో టెన్షన్’ అని సర్దిచెబుతాం. మీరు వచ్చారంటే మాత్రం పదిమందికీ చెప్పుకుంటాం. అక్షరాలు మసకేసినా, తల నొప్పెట్టినా, సూదిలో దారం ఎక్కకపోయినా మీ పేరే. చూపు విషయంలో జరిగే నేరాలన్నీ మీ ఖాతాలో రాస్తున్నా, మీరు ఒక్కసారైనా కాదనలేదు. ఆ మౌనం గురించే ఈ ఉత్తరం.

మా బాబాయికి పన్నెండేళ్ళుగా షుగరు. నిరుడు ఒక్క ఏడాదిలోనే మూడు కళ్ళజోళ్ళు మార్చారు, ప్రతిసారీ కొత్త నంబరు. షుగరు బాగా పెరిగితే కంటి లెన్సు నీరు పీల్చి ఉబ్బుతుంది, తగ్గితే మళ్ళీ మారుతుంది. అది కుదుటపడేదాకా జోడు చేయించకూడదు. ఈ ముక్క ఆ దుకాణంలో ఎవరూ చెప్పలేదు. గోడమీద ‘సర్వేంద్రియాణాం నయనం ప్రధానం’ అని మాత్రం బంగారు రంగులో రాసి ఉంది.

అసలు దొంగతనం మీ వెనుక జరుగుతోంది. షుగరుకు రెటీనాలోని, అంటే కంటి లోపలి వెనుక గోడన ఉండే చూపు పొరలోని, సన్నని రక్తనాళాలు బుడిపెలు కడతాయి, కారతాయి, కొన్నిచోట్ల మూసుకుపోతాయి. నెత్తురు అందని రెటీనా సొంతంగా కొత్త నాళాలు మొలిపించుకుంటుంది. నాసిరకం కాంట్రాక్టరు వేసిన పైపుల్లాంటివి అవి. ఏదో ఒక ఉదయం పగిలి కంటినిండా నెత్తురు. అంతదాకా నొప్పి ఉండదు. చార్టులో ఆఖరి వరుస కూడా చదివేయవచ్చు. బాబాయి చదివారు, గర్వంగా.

మీ చాటున దాక్కునేది షుగరు ఒక్కటే కాదు. బీపీ మితిమీరితే కంటి నరం మొదలు ఉబ్బుతుంది. క్షయకు వాడే ఇథాంబ్యుటాల్ కొందరిలో ఆ నరాన్నే దెబ్బతీస్తుంది, ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియకుండా పోతుంది. హెల్మెట్ లేకుండా బండి మీద నుంచి పడి కనుబొమ దగ్గర తగిలితే, పైకి కన్ను చెక్కుచెదరకపోయినా లోపల నరం నలిగిపోవచ్చు. సుమారు పది లక్షల పోగులున్న ఆ నరం మెదడులోంచి సాగి వచ్చిన భాగమే; చచ్చిన పోగు మళ్ళీ మొలవదు. వీటన్నిటికీ మా దగ్గరున్న సమాధానం ఒకటే: ‘సైటేమో!’

కంటి లోపలికి చూసే పరికరాన్ని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1851కల్లా తయారుచేశాడు. కత్తి పెట్టకుండా ఒంట్లోని రక్తనాళాలను నేరుగా చూపించే కిటికీ అది. మా వాళ్ళు దాన్ని తెరవనిస్తేగా! చుక్కలు వేస్తారు, కనుపాప పెద్దదవుతుంది, కొన్ని గంటలు ఫోనులో అక్షరం ఆనదు. అంతటి త్యాగం ఎవరు చేస్తారు? ‘బండి మీద వచ్చాను, చుక్కలు వద్దు’ అని బాబాయి మూడుసార్లు తప్పించుకున్నారు. షుగరు బయటపడగానే ఒకసారి, ఆపైన ఏటేటా చూపించుకోవలసిన రెటీనాను పన్నెండో ఏట చూపించారు. అదీ కంటిముందు నల్లటి ఈగలు ఎగరడం మొదలయ్యాక.

ఈ మంగళవారం ఆయనకు రెండో విడత లేజరు. పోయిన చూపు తేవడానికి కాదట, ఉన్నది నిలబెట్టడానికట. ఆ మూడు జోళ్ళలో ఒకటి పిన్నికి అతికినట్టు సరిపోయింది. నెలరోజులుగా అది పెట్టుకునే బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తనకూ సైటేనట.

ఇట్లు,
మీ పేరు విని విసిగిన ఒక అబ్బాయి