ఇవాలిస్ చర్చికి రాక్షసుల అవసరం లేదు

ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ అనే వీడియో గేమ్ రెండో అధ్యాయం చివర్లో కార్డినల్ డెలాక్రోయ్ అనే మతాధికారి, చేతిలో ఉన్న పవిత్ర రాయి వెలగగానే మన కళ్ల ముందే రాక్షసుడిగా మారిపోతాడు. ఆటగా చూస్తే మంచి ఘట్టమే. కానీ ఈ ఆట అప్పటిదాకా తాను చెప్పుకొచ్చిన కథకు అన్యాయం చేసింది సరిగ్గా అక్కడే అని నేను నమ్ముతాను. ఆ క్షణం వరకు ఆ చర్చి, ఆ ప్రభువులు చేసినవన్నీ మామూలు మనుషులు చేయగలిగిన పనులు, మన చరిత్ర పుస్తకాల్లో మనుషులు చేసిన పనులు కూడా. రాక్షసుడు రాగానే నేరం మనిషి మీద నుంచి జారిపోయి రాయి మీద పడుతుంది.

1997లో ప్లేస్టేషన్‌కి వచ్చిన ఈ ఆట 2007లో పీఎస్‌పీకి, 2025 సెప్టెంబర్‌లో ది ఇవాలిస్ క్రానికల్స్ పేరుతో ఇప్పటి కన్సోళ్లకూ పీసీకీ మళ్లీ వచ్చింది. యాసుమి మత్సునో దర్శకుడు. ఇన్నేళ్ల తర్వాత కూడా దీని కథ గురించి మాట్లాడుకోవడానికి కారణం అందులోని మొదటి అధ్యాయం, దాంట్లో రాక్షసులు లేరు. ఉన్నది జీతం బాకీ. ఇవాలిస్ రాజ్యం పక్క దేశంతో యాభై ఏళ్లు యుద్ధం చేసి ఓడిపోయింది, ఖజానా ఖాళీ అయింది, సామాన్యుల నుంచి వచ్చి పోరాడిన సైనికులకు చేతిలో పైసా పెట్టకుండా ఇంటికి పొమ్మన్నారు. ప్రభువుల కోటలూ ఎస్టేట్లూ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ సైనికులే వీగ్రాఫ్ నాయకత్వంలో కార్ప్స్ బ్రిగేడ్‌గా తిరగబడితే రాజ్యం వాళ్లకు పెట్టిన పేరు దొంగలు.

ఇది కల్పన నుంచి పుట్టిన విషయం కాదు. నూరేళ్ల యుద్ధం మధ్యలో 1360లో బ్రెటిన్యీ ఒప్పందం కుదిరినప్పుడు పని పోయిన సైనికులు దండులు కట్టి ఫ్రాన్స్ పల్లెల మీద పడ్డారు, అవిన్యోన్‌లో ఉన్న పోప్ ఇంటి దగ్గరి దాకా వచ్చారు. ఇంగ్లండ్ ఆ యుద్ధంలో చివరికి ఓడిపోయింది 1453లో, ఆ తర్వాత రెండేళ్లకే 1455లో రెండు రాజవంశాలు సింహాసనం కోసం ఒకదాన్నొకటి నరుక్కోవడం మొదలుపెట్టాయి. ఆటలో లార్గ్, గోల్టానా అనే ఇద్దరు డ్యూకులు పసిబాలుడైన రాజు పేరు చెప్పి, యువరాణి ఓవీలియా పేరు చెప్పి కొట్టుకునేది కూడా ఇదే వరసలో.

టియెట్రా చావు దగ్గర కాసేపు ఆగాలి. ఆట కథానాయకుడు రామ్జా పుట్టింది బియోల్వ్ అనే పెద్ద వంశంలో. అతని స్నేహితుడు డెలీటా, డెలీటా చెల్లెలు టియెట్రా తల్లిదండ్రులు లేని సామాన్య పిల్లలు, ఆ ఇంట్లోనే పెరిగారు. తిరుగుబాటుదారులు ఆమెను బియోల్వ్ ఇంటి ఆడపిల్ల అనుకుని ఎత్తుకుపోతారు. మంచు కోటలో బందీగా నిలబెట్టినప్పుడు, రామ్జా అన్న జల్బాగ్ ఆజ్ఞ ఇస్తాడు, ఆర్గాత్ అనే యువ సైనికుడు బాణం వేస్తాడు, ఆమె పడిపోతుంది. ఇక్కడ గమనించాల్సింది జల్బాగ్ దుర్మార్గుడు కాకపోవడం. ఆ ఇంట్లో అందరికన్నా నిజాయితీ గల సైనికుడు అతనే, తర్వాత సొంత అన్న మీద కత్తి దూసేదీ అతనే. అలాంటివాడు కూడా ఒక సామాన్యురాలి ప్రాణాన్ని లెక్క వేసుకుని పక్కన పెట్టేశాడు. బందీగా ఉన్నది తన చెల్లెలు ఆల్మా అయి ఉంటే ఆ ఆజ్ఞ వచ్చేదా? భూస్వామ్యం అంటే కొరడా పట్టుకున్న దొర ఒక్కడే అనుకునేవాళ్లు ఈ ఘట్టం చూడాలి, మంచి మనిషి చేత కూడా చెడ్డ పని ప్రశాంతంగా చేయించే ఏర్పాటు అది. ఇక ఆర్గాత్ సంగతి. తాత చేసిన పనికి వంశం పరువు పోయి, ఆస్తి పోయి, పుట్టుక తప్ప చెప్పుకోవడానికి ఏమీ మిగలని కుర్రాడు, అందుకే అందరికన్నా గట్టిగా పుట్టుకను పట్టుకుని వేలాడేది అతనే. గడీల కథలు ఇంట్లో విని పెరిగిన తెలంగాణ పాఠకులకు ఇలాంటి మనిషి కొత్త కాదు.

చర్చి పని కూడా మొదట్లో ఇంతే స్పష్టంగా ఉంటుంది. గ్లాబడోస్ చర్చికి జనంలో పలుకుబడి తగ్గింది. యుద్ధంతో విసిగిపోయిన ప్రజలకు పాత పురాణంలోని పవిత్ర రాళ్లనూ వీరులనూ మళ్లీ చూపించి, ఇద్దరు డ్యూకులనూ ఒకరి చేత ఒకరిని చంపించి, చివరికి అధికారం తన చేతిలోకి తెచ్చుకోవాలన్నది దాని పథకం. డెలీటాను కూడా అందుకోసమే వాడుకుంటుంది. దానికి తోడు ఒక పాత గ్రంథం ఉంది, చర్చి దేవుడి బిడ్డగా కొలిచే సెయింట్ అజోరా నిజానికి అప్పటి రాజకీయాల్లో గూఢచారిగా తిరిగిన మనిషి అని అందులో ఉంటుంది. ఆ గ్రంథం బయటపడితే చర్చి పునాదే పోతుంది. పరపతి కోసం కుట్ర, పునాది కోసం దాపరికం. ఒక సంస్థ కుళ్లిపోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

చరిత్రలో అయితే ఇంత కూడా అక్కర్లేకపోయింది. 1381లో ఇంగ్లండ్ రైతులు తలపన్ను మీద తిరగబడి లండన్‌లోకి వచ్చినప్పుడు సైమన్ సడ్‌బరీని పట్టుకుని తల నరికారు. అతను కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్, అదే సమయంలో రాజ్యానికి లార్డ్ ఛాన్సలర్ కూడా. పన్ను వేసే ప్రభుత్వమూ పాపం క్షమించే చర్చీ ఒకే మనిషి. తర్వాతి తరంలో హెన్రీ బోఫోర్ట్ రాజవంశపు రక్తం, వించెస్టర్ బిషప్, 1426 నుంచి కార్డినల్, ఛాన్సలర్ పదవి చేసినవాడు, పైగా రాజుకే పెద్ద మొత్తాలు అప్పిచ్చినవాడు. పెద్ద కొడుక్కి భూమి, చిన్న కొడుక్కి బిషప్ పదవి అని పంచుకున్న కుటుంబాల చేతిలో చర్చి అలాగే ఉంటుంది, దానికి శాపగ్రస్తమైన రాయి అక్కర్లేదు.

ఆట తనకు తెలియకుండానే ఈ మాట ఒప్పుకుంటుంది. బియోల్వ్ వంశపు పెద్ద కొడుకు డైస్‌డార్గ్ కూడా చివర్లో రాక్షసుడవుతాడు, కానీ అతను కన్నతండ్రికి విషం పెట్టి చంపింది దానికి ఏళ్ల ముందు, మామూలు మనిషిగా ఉండి, వారసత్వం కోసం. ఆ విషం చూపించాక రాక్షస రూపం కథకు ఏమీ కలపలేదు. వీగ్రాఫ్ విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. సామాన్యులకు న్యాయం కావాలని పేరు పెట్టి అడిగిన ఒకే ఒక్క నాయకుడు, చెల్లెలు మిల్యూడా చనిపోయాక చర్చి సైన్యంలో చేరడం వరకు నమ్మొచ్చు, ఓడిపోయిన ఉద్యమకారులు అలా ఏదో ఒక పెద్ద నీడ కిందికి వెళ్లడం మనకు తెలిసిందే. అతన్ని కూడా రాక్షసుణ్ని చేసేసరికి అతను అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన పని ఎవరికీ లేకుండా పోయింది.

రాక్షసులు అధికార దాహానికి సంకేతం మాత్రమే అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనలో కొంత బలం ఉంది, పైగా యుద్ధాల ఆటలో చివరికి ఒక పెద్ద శత్రువు కావాలి, అది నాకు అర్థమవుతుంది. కానీ సంకేతం పని అసలు విషయాన్ని ఇంకా బాగా చూపించడం. ఇక్కడ చివరి అధ్యాయానికి వచ్చేసరికి జీతాలు, భూమి, వారసత్వం అన్నీ వెనక్కి వెళ్లిపోయి, లోకాన్ని కాపాడటం ఒక్కటే మిగిలింది.

దీనికి పూర్తి విరుద్ధంగా ఆటలోనే ఓరన్ డ్యూరాయ్ అనే పాత్ర కథ ఉంటుంది. జరిగిందంతా రాసి, కొత్త మతాధిపతిని ఎన్నుకునే సభ ముందు పెట్టినందుకు చర్చి అతన్ని మతద్రోహి అని సజీవంగా కాల్చేసింది, ఆ రాతలను 400 ఏళ్లు దాచేసింది. రాక్షసులంతా చచ్చాక జరిగిన హత్య ఇది, చేసింది మనుషులు. 1415లో చెక్ మతసంస్కర్త యాన్ హుస్‌ను, ప్రాణానికి హామీ ఇచ్చి కాన్‌స్టన్స్‌లో జరిగిన చర్చి సభకు పిలిపించి కాల్చిన విషయం తెలిసినవాళ్లకు ఇది ఎక్కడిదో చెప్పక్కర్లేదు.

నాకు ఈ ఆటలో పెద్ద లోటుగా కనిపించేది ఇంకొకటి, ఊరి పూజారి. మఠంలో పుస్తకాల మధ్య ఉండే సైమన్ అనే పాత్ర తప్ప ఆటలో చర్చి అంటే పైవాళ్లే. పంటలో దశమ భాగం వసూలు చేసే చోటు గానీ, ఆ భాగం ఎందుకివ్వాలని అడిగే పేద మతగురువు గానీ ఎక్కడా లేరు. 1381 తిరుగుబాటులో జాన్ బాల్ అనే పూజారి పుట్టుకతో ఎవడూ దొర కాడని బోధించాడు, అందుకు అతన్ని సెయింట్ ఆల్బన్స్‌లో ఉరితీసి ముక్కలు చేశారు. మళ్లీ తీసుకొచ్చిన ఆటలో గొంతులు కలిపారు, మాటలు కూడా కొన్ని చేర్చారు. అలాంటి ఒక్క పాత్రను చేర్చి వీగ్రాఫ్ పక్కన నిలబెట్టి ఉంటే, డెలాక్రోయ్ కార్డినల్ దుస్తుల్లో ఉండగానే ఆ పూజారికి జవాబు చెప్పాల్సి వచ్చేది.