మీ తలుపు లెఫ్టా, రైటా?

ఇది రాస్తున్నప్పుడు నా చొక్కా జేబులో ఒక నాణెం ఉంది. అది లేకుండా మా బాత్రూంకి వెళ్లే పరిస్థితి లేదు. చిల్లర లేక బస్సు దిగిపోయినవాళ్లు ఉన్నారు గానీ, చిల్లర లేక స్నానం వాయిదా వేసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

సంగతేమిటంటే, పాత గడియ ఊడిపోయింది. కార్పెంటర్‌ని పిలిస్తే "సెట్టు మీరే తెచ్చుకోండి సార్, మీ టేస్టు మీది" అన్నాడు. ఆ "టేస్టు" అన్న మాట దగ్గరే పడిపోయాను. రాత్రి కూర్చుని తాళాల గురించి చదివేశాను కూడా. లైనస్ యేల్ జూనియర్ అనే అమెరికా ఆయన 1861లో పిన్నుల సిలిండర్ తాళానికి పేటెంట్ తీసుకున్నాడనీ, సరైన తాళంచెవి దూరితే లోపలి పిన్నులన్నీ ఒకే గీత మీదకి వచ్చి నిలబడతాయనీ, అప్పుడే సిలిండర్ తిరుగుతుందనీ భోజనాల దగ్గర మా ఆవిడకి వివరించాను. ఆవిడ అంతా విని, "మనది బాత్రూం తలుపండీ, దానికి తాళంచెవి ఉండదు" అంది.

షాపులో గోడంతా హ్యాండిళ్లే. తలుపుల్లేవు, ఒట్టి హ్యాండిళ్లు, ఎవరో పెద్దమనిషి వస్తే చేతులు చాపి నిలబడ్డ ఆహ్వాన సంఘంలా. నేనూ ఆ పెద్దమనిషిలాగే ఒక్కొక్కదానికీ షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటూ వెళ్లాను. ఒకటి మరీ పలచన, ఇంకొకటి చల్లగా, మరొకటి పట్టుకుంటే గరిటె పట్టుకున్నట్టుంది. చివర్లో దొరికింది అసలుది. నిగనిగ లేని నలుపు, సన్నగా మొదలై చివర కెరటంలా పైకి లేచిన వంపు. పట్టుకోగానే నా నాలుగు వేళ్లూ వాటంతటవే సర్దుకుని కూర్చున్నాయి. కింద పట్టీలోనే చిన్న బొడిపె. తిప్పితే గడియ పడుతుంది. అవతలి వైపు పట్టీకి బొడిపె బదులు ఒక గాడి. లోపల పిల్లలెవరైనా ఇరుక్కుపోతే బయటి నుంచి నాణెం పెట్టి తిప్పి తియ్యడానికట. ఎంత ముందుచూపు అనుకున్నాను.

కౌంటర్ కుర్రాడు కొలతలడిగాడు. తలుపు మందమెంత, తలుపు అంచు నుంచి హ్యాండిల్ ఎంత లోపలికి ఉండాలి, 45 మిల్లీమీటర్లా 60నా, హ్యాండిల్‌కీ కింద కంతకీ మధ్య దూరం 72నా 85నా. వీటన్నిటికీ నేను సిద్ధంగానే ఉన్నాను. పాత లాక్‌ని ఊడబెరికి సంచిలో వేసుకొచ్చి బల్ల మీద పెట్టాను. మార్కెట్‌కి వచ్చి చేప తూకం వెయ్యమన్నట్టు ఉంది గానీ, పని జరిగింది. కుర్రాడు టేపుతో కొలిచి తలూపాడు. నేను పర్సు తీస్తున్నాను.

"లెఫ్టా రైటా సార్?"

"హ్యాండిలా?"

"తలుపు సార్."

అంతవరకూ నాకు తలుపంటే తెరిచి ఉండేది, మూసి ఉండేది. దానికి ఎడమా కుడీ ఉంటాయని ఎవరూ చెప్పలేదు. చెప్పుల షాపులో కూడా రెండూ కలిపే ఇస్తారు కదా, ఎడమ చెప్పా కుడి చెప్పా అని అడగరు కదా. ఆ మాటే అన్నాను. కుర్రాడు నవ్వలేదు. ఆ కుర్రాడు ఆ తర్వాత కూడా ఒక్కసారీ నవ్వలేదు, అది చెప్పుకోవాలి.

సరే, మా తలుపే కదా, రోజూ తెరిచేదే కదా అని కళ్లు మూసుకున్నాను. మా బాత్రూం ముందు నిలబడ్డట్టు ఊహించుకుని, షాపు మధ్యలో, గాలిలోకి కుడి చెయ్యి చాపి, లేని హ్యాండిల్‌ని కిందికి నొక్కి, లేని తలుపును తోశాను. బాగానే తెరుచుకుంది. కానీ పొద్దున్నే నా కుడి చేతిలో బ్రష్ ఉంటుంది. అంటే తెరిచేది ఎడమ చేత్తో. మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కుడి చేత్తో లేని బ్రష్ పట్టుకుని, ఎడమ చేత్తో తోశాను. భుజం ఒప్పుకోలేదు, ఏదో అడ్డం తగిలినట్టుంది. ఏం తగిలింది? వాష్ బేసిన్ తగలాలి. వాష్ బేసిన్ ఎటుంది? తెలియాలంటే లోపలికి వెళ్లాలి. రెండడుగులు వేసి లోపలికెళ్లాను. మర్యాదగా వెనక్కి తిరిగి తలుపు వేసుకున్నాను.

అక్కడ కళ్లు తెరిచాను. ఎదురుగా పెయింట్ డబ్బా పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఆయనకి నా అవతల ఉన్న మేకుల అరలోకి వెళ్లాలి. దారి ఖాళీగానే ఉంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, నేను ఇప్పుడే వేసిన తలుపును చుట్టి, గోడవారగా వెళ్లాడు. నామీద అంత నమ్మకం ఉంచిన మనిషి ఆ షాపులో ఆయనొక్కడే.

"బయట నిలబడి చూడాలి సార్. బందులు ఎడమ పక్కుంటే లెఫ్టు," అన్నాడు కుర్రాడు.

"బాత్రూంకి బయటంటే మా పడగ్గది. అదీ లోపలే కదా బాబూ?"

ఈ మాటకి లోపలి గదిలోంచి ఇంకో పెద్ద ఉద్యోగి వచ్చాడు. బయటా కాదు లోపలా కాదు, తలుపు మన మీదకి తెరుచుకునే వైపు నిలబడి చూడాలన్నాడు. ఇద్దరూ వాదించుకున్నారు. ఇంటికొచ్చాక చదివితే తెలిసింది, ఇద్దరూ కరెక్టే. అమెరికాలో బయట నిలబడి చూసి బందులు ఎడమ పక్కుంటే ఎడమ తలుపంటారు. జర్మనీలో తలుపు మన వైపుకి తెరుచుకునే పక్క నుంచి చూడాలని డిన్ 107 అనే ప్రమాణం. అంటే లోపలికి తెరుచుకునే ఒకే ఒక్క తలుపు అమెరికాలో ఎడమ, జర్మనీలో కుడి. చంద్రుడి మీదకి మనిషిని పంపినవాళ్లూ, గీత గీసినట్టు కార్లు చేసేవాళ్లూ కూర్చుని మాట్లాడుకుని తేల్చలేని దాన్ని, తువ్వాలు కట్టుకుని బాత్రూంలో దూరే నన్ను తేల్చమంటే ఎలా?

ఇంటికి ఫోన్ చేశాను. స్పీకర్‌లో పెట్టాను. అది రెండో తప్పు.

"తలుపు దగ్గరికెళ్లి నిలబడు. బందులు ఎటున్నాయి?"

"ఎడమ పక్క."

"నువ్వు బయటున్నావా, లోపలున్నావా?"

"బయట. ఆగండి, లోపలికెళ్లి చూస్తా... ఇక్కణ్ణుంచి కుడి పక్కున్నాయండీ."

"ఏదో ఒకటి చెప్పు."

"ఏదో ఒకటి చెప్పడానికి అదేమన్నా నా చేతిలో ఉందా? పొయ్యి మీద పాలున్నాయి."

"సరే సరే, నేను చూసుకుంటాలే. పెట్టెయ్."

"ఆఁ, రైట్ రైట్," అని పెట్టేసింది.

రైట్ రైట్ అంటే బస్సే కదులుతుంది, బిల్లు కదలదా? నేను తల తిప్పేసరికి మిషన్‌లోంచి కాగితం వచ్చేసింది. "మేడం చెప్పారు కదా సార్, రైటు." సెట్టు సంచిలో వేస్తూ ఇంకో మాట కూడా అన్నాడు. తిన్నగా ఉండే పిడి తీసుకుంటే ఈ లెఫ్టూ రైటూ గొడవే ఉండదట, ఈ వంపు ఉన్నవాటికే ఉంటుందట. ఈ ముక్క పావుగంట ముందు చెప్పి ఉంటే నేను ఊళ్లో జనం ముందు గాలిలో స్నానానికి వెళ్లేవాణ్ణి కాదు.

బిగించే రోజు సంగతి క్లుప్తంగా చెప్తాను. లోపలి లాక్ నాలుకని కార్పెంటర్ తిప్పి పెట్టేశాడు, అది ఎటైనా తిరుగుతుందట. హ్యాండిళ్ల దగ్గర ఆగిపోయాడు. బొడిపె ఉన్న పట్టీ లోపలి వైపు పెడితే పిడి బందుల వైపుకి కాకుండా బయటికి చూస్తోంది, గుమ్మానికి తగులుతోంది. తలకిందులు చేస్తే కంతలు కలవడం లేదు. ఇక మిగిలింది ఒకటే దారి, లోపలిది బయటికి, బయటిది లోపలికి. అలా పెడితే కెరటం చక్కగా కుదిరింది. కానీ గడియ బొడిపె పడగ్గదిలోకి, నాణెం గాడి బాత్రూంలోకి వచ్చాయి. "నేను ముందే అనుకున్నా సార్" అన్నాడు కార్పెంటర్. అనుకున్నవాడు అనొచ్చు కదా! షాపుకి ఫోన్ చేస్తే, స్క్రూ పడ్డ సరుకు మేం వెనక్కి తీసుకోం అన్నారు.

అలా మా బాత్రూం బయటి నుంచి ఎవరైనా గడియ పెట్టుకోదగ్గదీ, లోపలి నుంచి నాణెం ఉన్నవాళ్లు మాత్రమే పెట్టుకోదగ్గదీ అయింది. వారం సర్దుకుపోయాం. అద్దం కింద గూట్లో ఒక నాణెం పెట్టాం. అది మా అబ్బాయి తీసుకుపోయి ఏదో కొనుక్కున్నాడు.

నిన్న మా మామగారు వచ్చారు. తెరిచి ఉన్న ఏ వస్తువునీ చూసి ఊరుకోలేని మనిషి. నేను తువ్వాలుతో లోపల ఉన్నాను. తలుపు ఊరికే దగ్గరగా వేసి ఉంది. బయట టక్కుమంది.

తువ్వాలుకి జేబుండదు. గోరు పెట్టాను, విరిగింది. దువ్వెన పళ్లు రెండు పోయాయి. బ్రష్ తోక గాడిలో పట్టదు. టంగ్ క్లీనర్ పట్టింది గానీ, గడియ తిరగకుండా అదే తిరిగింది. పిలిచాను. మామగారికి కాస్త వినికిడి తక్కువ. కుళాయి ఏదో మూలుగుతోందని మా ఆవిడతో చెబుతుంటే నాకు వినిపిస్తూనే ఉంది. ఆవిడ టీవీ కట్టేసి, వచ్చి, చూసి, నవ్వి, నవ్వడం అయ్యాక బొడిపె తిప్పింది.

బయటికొచ్చాను. మామగారు హ్యాండిల్‌ని రెండుసార్లు నొక్కి చూశారు, బొడిపెను అటూ ఇటూ తిప్పారు. "గడియ మాత్రం గట్టిదే తెచ్చారు అల్లుడుగారూ," అన్నారు.