ఒక రోజుకు ఒక పాయ చాలు

పొద్దున కోరింగ మడ అడవి, మధ్యాహ్నం యానాంలో భోజనం, పొద్దుగూకేలోగా అంతర్వేది. సెలవులొస్తే పిల్లాపాపలతో గోదావరి డెల్టాకు దిగేవాళ్లు వేసుకునే ప్లాను దాదాపు ఇదే. కాకినాడ నుంచి అంతర్వేదికి 216 జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్లు దాటుతాయి. మధ్యలో అమలాపురం, రాజోలు సెంటర్లు ఉండనే ఉన్నాయి. చివరికి ఆ కుటుంబం చూసేది కారు అద్దాన్ని, తినేది హైవే బిర్యానీని.

గోదావరి తీరానికి ఒక రోజే ఉంటే ఒక పాయే పెట్టుకోవాలి. కోరింగ, యానాం వైపు గౌతమి అయితే గౌతమి, అంతర్వేది వైపు వసిష్ఠ అయితే వసిష్ఠ. బయల్దేరే వేళను మన గడియారం కాదు, సముద్రం నిర్ణయించాలి.

సముద్రపు నీరు ఎక్కేది పోటు, దిగేది పాటు. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతి రోజూ ముందు రోజుకంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీటి ఎత్తులో తేడా ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. వేటకెళ్లేవాళ్లు తిథి చూసేది ముహూర్తానికి మాత్రమే కాదు. కోరింగలో ఈ లెక్క తప్పితే టికెట్ డబ్బులు సగం దండగే. పాటు వేళ చెక్కవంతెన కింద బురద బయటపడుతుంది. మడచెట్ల శ్వాసవేర్లు పాతిపెట్టిన పెన్సిళ్లలా నిలబడతాయి, ఒక్క గిట్ట మాత్రమే పెద్దదిగా ఉన్న బుల్లి పీతలు దాన్ని ఊపుతూ కన్నాల్లోంచి వస్తాయి, బురద మీద గెంతే చేపలు కనిపిస్తాయి. పోటు నిండాక వెళితే ఇవన్నీ నీళ్ల కింద. మిగిలేది పచ్చటి గోడ. పడవకు మాత్రం నీళ్లు కావాలి, పాటులో కాలువ తగ్గి అడుగు బురదకు తగులుతుంది. కాబట్టి పాటు చివర్లో చేరండి, ముందు చెక్కవంతెన నడవండి, పోటు ఎక్కుతుండగా పడవెక్కండి. తిరగేసి చేస్తే రెండూ చెడతాయి.

వసిష్ఠ రోజు వేరే సంగతి. నరసాపురం రేవులో పంటు (బండ్లనూ మోసే బల్లకట్టు పడవ) మీద కారుతో సహా సఖినేటిపల్లి దాటడం పిల్లలకు అంతర్వేది బీచ్ కంటే ఎక్కువ గుర్తుంటుంది. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెనే గతి. (నరసాపురం రేవు దగ్గర వంతెన మాట ఎన్ని ఎన్నికలు దాటిందో అడక్కండి.) అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నదీ సముద్రమూ కలిసే చోట మోకాలి లోతు దాటొద్దు. పాటు వేళ నది బయటికి లాగుతుంది, అల లోపలికి తోస్తుంది, కాళ్ల కింది ఇసుక నిమిషంలో జారిపోతుంది. భీష్మ ఏకాదశి రథోత్సవం నాడు వెళ్లేవాళ్లు రథం కోసమే వెళ్లాలి, తీరం కోసం కాదు.

తిండికీ ఇదే సూత్రం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో పెద్ద సముద్రపు చేప ‘ఫ్రెష్’ అంటే ఎక్కడిదని అడగండి. పులస ఎర్రనీరు దిగే వరద నెలల్లోనే. మిగతా కాలంలో ఆ పేరుతో వచ్చేది ఐసుపెట్టె సరుకో, నదిలోకి రాకుండా సముద్రంలోనే పట్టిన అదే జాతి చేపో. ముళ్లు ఎక్కువ, చిన్నపిల్లలకు పెట్టొద్దు. దీపావళి చుట్టుపక్కల తూర్పుగాలికి యానాం రేవులో చీరమేను వస్తుంది. సేరుతో కొలిచి అమ్మే సన్నచేప, చింతచిగురుతో వండినా గారెలు వేసినా సరే, దానికోసం ప్రయాణం పెట్టుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో ఆత్రేయపురం తగిలితే పూతరేకులు కొనేముందు రేకు తీయడం చూడండి. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డ ఒక్కసారి కుండ మీదుగా లాగితే చాలు, రేకు అంచు లేస్తుంది. పిండి చిక్కబడితే రేకు మందమై సాగుతుంది. వానాకాలం గాలి తగిలితే మెత్తబడుతుంది. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది సరే, బెల్లం రేకు డబ్బాలో వారం దాచి తినేవాళ్లకు ఆ గుర్తింపు ఏం చేస్తుంది?

రిసార్టులు, బీచ్ రోడ్లు వస్తేనే ఉపాధి అంటారు. కొంత నిజం, గది ఊడ్చే ఉద్యోగాలు వస్తాయి. కానీ పోటూ పాటూ తెలిసిన పడవవాడికి, చీరమేను వండే ఇంటికి ఆ మెనూలో చోటు లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) పోటు వేళల అంచనాలు ఇస్తూనే ఉంది. వాటిని రేవుల్లో తెలుగులో బోర్డు మీద రాయడానికి కోట్లు అక్కర్లేదు.

అసలు ఈ తీరమే గోదావరి మోసుకొచ్చిన ఒండ్రు. మడ అడవి నిలబడిందీ, చేపపిల్లలు పెరిగేదీ దాని మీదే. ఎగువన ఆనకట్ట తర్వాత ఆనకట్ట ఆ ఒండ్రును ఆపుకుంటుంటే, దిగువన సముద్రం తన వాటా తాను తీసుకుంటోంది. కాకినాడ పక్కనున్న ఉప్పాడ వెళ్లినవాళ్లకు వేరే రుజువు అక్కర్లేదు. తుపాను వచ్చిన ప్రతిసారీ కాకినాడ రోడ్డు కోసుకుపోతుంది, జియోట్యూబుల (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ ఛిద్రమైపోయింది. గోడ ఉన్నంత మేర ఒడ్డు ఆగినా, గోడ అయిపోయిన చోట కోత పెరుగుతుంది. ఆ ఒడ్డునే బీచ్ రోడ్డును వెడల్పు చేయడం గురించి మాట్లాడుతున్నాం. పోలవరం దగ్గర కేంద్ర జల సంఘం నీళ్లతో పాటు అందులోని ఒండ్రునూ కొలుస్తుంది. తీర పర్యాటకం మీద తయారయ్యే ప్రతి ప్రణాళికలో, గదుల లెక్కకంటే ముందు పేజీలో ఉండాల్సింది ఆ అంకె.